అబద్ధం రాని కళావతి

అరబ్బుల దేశంలో, రుమైథియా పేటలో ఆ ఇంటి వంటగదిలో కళావతి ఉల్లిపాయలు తరుగుతోంది. కత్తికి వేలు తెగినా తెలియలేదు పాపం! ప్రాణమంతా మేడ మీదే ఉంది. అక్కడ ఇంటి యజమానురాలు మామా కేకలు: "హమీదా! హమీదా!"

ఇంకెక్కడి హమీదా? తనతోపాటు ఆ ఇంట్లో పనిచేసే పిల్ల పొద్దున్నే వెళ్ళిపోయింది. మొన్న చొక్కా కాల్చిందని మామా అదే ఇస్త్రీపెట్టె ఆ పిల్ల చేతికి ఆనించింది. ఇక ఎవరుంటారు? ఆ ఇంట్లో పనివాళ్ళకు వీధి తలుపు తెరిచేది చెత్త పడేయడానికే. అందుకని హమీదా బట్టలు నల్ల సంచిలో కుక్కి, పైన కూరగాయల తొక్కులు పరిచి, కళావతే మోసుకుపోయి వీధి చివర చెత్తతొట్టి పక్కన పెట్టింది. రెండో సంచి పట్టుకుని వెనకాలే పోయిన హమీదా మళ్ళీ రాలేదు. ఖైతాన్ పేటలో పిన్నమ్మ కూతురి గదికి పోయి, ఆమెను తోడు తీసుకుని మన దేశం ఎంబసీకి చేరాలని ఆమె ఆలోచన.

ఇప్పుడు మామా దిగొచ్చి అడుగుతుంది. తెలీదంటే ఖలాస్, అయిపోతుంది. ఆ ఒక్క ముక్కే కళావతికి గొంతు దాటి రాదు. దీనికంతా వాళ్ళ నాయనే కారణం! రాజంపేటలో అచ్చాఫీసులో పనిచేసే ఆ మనిషి, అన్నం తినేటప్పుడల్లా రష్యా దేశపు ఒక పెద్ద రచయిత గురించి చెప్పేవాడు. జమీందారుగా పుట్టి, రైతు చొక్కా తొడుక్కుని, తన పొలం తనే దున్నాడంట. బూట్లు తనే కుట్టాడంట. ఎవర్నీ కొట్టొద్దు, అబద్ధమాడొద్దు అన్నాడంట. చిన్నప్పుడు కళావతి ఆయన్ని తమ సొంత తాతే అనుకునేది. ఇప్పుడు మాత్రం ఒళ్ళు మండుతోంది. ఆయనకేం, మారాజు! ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కాయితం ఇంకొకరి చేతిలో పెట్టి బతికాడా?

మామా వచ్చేసింది. మొహం కందగడ్డలా ఉంది.

"హమీదా ఎక్కడికి పోయిందో నీకు తెలుసా?"

కళావతి కత్తి కింద పెట్టింది.

"తెలుసు మామా."

"ఎక్కడికి?"

"చెప్పను."

ఆ మాట అన్నది తనేనా అని ఆమే అదిరిపడింది. చెంప ఛెళ్ళుమంది. మామా ఫోన్ తీసి, పనివాళ్ళను పెట్టించే ఆఫీసుకు చెప్పింది. "దీన్ని పంపిస్తున్నా. నోరు తెరిపించండి."

డ్రైవర్ శివకుమార్ కోనసీమ మనిషి. కారు తీస్తూ తల బాదుకున్నాడు.

"నీకేమన్నా పిచ్చా కళావతమ్మా? తెలీదని ఓ ముక్క అనేస్తే పోయేది కదా! ఆఫీసులోనన్నా అను. అక్కడోళ్ళు ఒక్క దెబ్బతో ఆగరు."

"నిజంగానే కొడతారా అన్నా?"

అతను గేరు మార్చాడు. కళావతి వెనక సీట్లో ముడుచుకుపోయింది. మామా ముందు ఆలోచించేలోపే నోరు జారి నిజం వచ్చేసింది. ఇప్పుడు ఆలోచించుకోవడానికి దారంతా ఉంది.

"అన్నా, కొంచెం మెల్లగా పో."

"భయమేస్తోందా?"

"చచ్చేంత భయంగా ఉంది. దెబ్బలు ఎంతసేపు ఓర్చుకుంటానో నాకే తెలీదు. అంతలోపల హమీదా ఎంబసీ గేటు దాటాల."

దారిలో ఆలస్యం చేశాడని మామాకి తెలిస్తే శివకుమార్ ఉద్యోగం కూడా ఉండదు. అతనికీ భయమే. అయినా కారును సల్వా వైపు తిప్పాడు. ఆఫీసు అటు లేదు; చుట్టు తిరిగి వచ్చేసరికి ఇంకో గంట పడుతుంది.