చింతపండుతో తోమిన హెడ్‌లైట్లు

మొన్న పుష్యమాసపు పొద్దున కంటి పరీక్షకని మనవరాలు తన కారులో నన్ను కరీంనగర్ తీసుకుపోతుంటే పెద్దపల్లి దాటగానే పొగమంచు కమ్ముకుంది. ఆ పిల్ల ఈమధ్యనే ముచ్చటపడి కారుకు తెల్లటి కొత్త లైట్లు వేయించుకుంది. అవి వెలిగించేసరికి కళ్ళ ముందు సున్నం కొట్టిన గోడ లేచినట్టయింది తప్ప రోడ్డు కనిపించలేదు. పైవి ఆర్పేసి కింద బంపరు దగ్గరున్న చిన్న లైట్లు వేయమన్నాను. వేసింది, రోడ్డు కనిపించింది, కారు నడపడమే మరిచిపోయిన తాతకు ఇదెలా తెలుసని విస్తుపోయింది. ఆసుపత్రిలో వంతు వచ్చేదాకా చెప్పినా ఒడవని కథ అది. నా ఈడువాళ్ళు మీరైతే సగం చెప్పకముందే అర్థం చేసుకుంటారు కనుక మీకు చెబుతున్నాను.

మాది సాలెల ఇల్లు. బాపు పోయాక మగ్గం మీద కూర్చోవడం నా నడుముకు పడదని నేనే తీర్మానించేసి, ఉన్న రెండు మగ్గాలూ అమ్మించి, మూడు చేతులు మారిన డీజిల్ జీపొకటి కొన్నాను. అవ్వ, అదే మా అమ్మ, వద్దనలేదు. మగ్గాలు బండికెత్తే రోజు మాత్రం పొరుగింట్లో పనుందని వెళ్ళిపోయింది. పెళ్ళిళ్ళ కిరాయిలూ వారపు అంగళ్ళ కిరాయిలూ దొరికితే దొరికేవి, లేకపోతే లేదు. జీపుకు ఖాయంగా ఉన్న పని ఒక్కటే, మా ఊరి నుంచి బొగ్గుబాయికి మొదటి షిఫ్టుకు పోయే పదిమందిని తెల్లవారకముందే అక్కడ దింపి రావడం. ఆ ఒక్క పనితోనే మా పొయ్యి వెలిగేది.

చిక్కల్లా లైట్లతోనే వచ్చింది. వాటి ముందు ఆముదం దీపం నయం. చలికాలం గోదావరి వైపు నుంచి మంచు దిగితే, పదిమందిలో ఒకరు ముందు మడ్‌గార్డు మీద కూర్చుని చేతి టార్చి వేస్తుంటే, దాని వెంట ఎడ్లబండిలా పాకేవాళ్ళం. అలా ఒకే వారంలో రెండుసార్లు ఆలస్యమై అందరికీ మస్టరు తప్పింది. మస్టరు తప్పిందంటే హాజరు పడక ఆ పూట కూలి పోయినట్టే. వాళ్ళలో పెద్దాయన నాకు వరుసకు మామ, మెత్తటి మనిషి. రెండోసారి తప్పిన రోజు నన్ను పక్కకు పిలిచాడు.

“ఇంకోపారి మస్టరు పోతే మేం వేరే జీపు చూసుకుంటం బిడ్డా. మాకు సుత పిల్లలున్నరు.”

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. ఆ పొద్దే పెద్దపల్లిలో లారీలకు కరెంటు పని చేసే చాచా దగ్గరికి పోయాను. కొత్త సెట్టు వేయించే స్తోమత నాకు లేదని ఆయనకు నా చెప్పులు చూస్తేనే తెలిసింది. తక్కువలో కావాలంటే ముందు లైట్ల లోపల బల్బు వెనకుండే గిన్నెలకు పట్టిన దుమ్ము పోవాలని, ఆ తర్వాత వైర్ల సంగతి చూడాలని ఏదో చెప్పబోయాడు. సగం విని పరుగెత్తడం నాకు పుట్టుకతో వచ్చిన గుణం. ఇంటికొచ్చి గిన్నెలు రెండూ విప్పి అవ్వ చేతిలో పెట్టి, తళతళ మెరిసేటట్టు తోమిపెట్టమని బజారుకు పోయాను.

మెరిసేటట్టు అంటే మా ఇంట్లో ఒకటే పద్ధతి. శుక్రవారానికి దీపపు కుందులను ఎలా తోముతుందో అలాగే, నానబెట్టిన చింతపండు, పొయ్యిలోని బూడిద, కొబ్బరిపీచు పెట్టి, రెండు గిన్నెలనూ బలంకొద్దీ తోమింది. నేను తిరిగొచ్చేసరికి లోపలున్న అద్దంలాంటి పూతంతా చింతపండు పిప్పితోపాటు మోరీ నీళ్ళలో కొట్టుకుపోయింది. చేతిలో రెండు పాత రేకు డబ్బా మూతలు మిగిలాయి. అవ్వ మాత్రం ఇంకా మెరుస్తలేవని మూడోసారి బూడిద అద్దుతోంది.

తప్పు నాదే, చెప్పకుండా చేతిలో పెట్టింది నేనే. కానీ ఆ వయసులో అది తోస్తుందా?

“బాపు మగ్గాలమ్మి కొన్న బండిని మట్టిల కలిపినవ్ గదనే,” అన్నాను, వీధి వీధంతా వినేటట్టు.

అవ్వ చేతులు కడుక్కుని లోపలికి పోయింది. ఆ రాత్రి తిన్నదో లేదో కూడా నేను చూడలేదు.

మర్నాడు ఆ రెండు మూతలూ సంచిలో వేసుకుని పోతే చాచా నవ్వు ఆపుకోలేక కళ్ళు తుడుచుకున్నాడు. “అరె బేటా, గిది ఇత్తడి చెంబు గాదు. దీన్ని ఏలుతోని సుత ముట్టొద్దు. ఎవలు తోమిండ్రు?” అన్నాడు. అవ్వ అన్నాను. నవ్వు ఆపి, ఆమెనేమన్నా అన్నావా అని అడిగాడు. నేను చెప్పుల వైపు చూశాను. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు గానీ, విప్పేసిన బండ్ల సామాను కుప్పలో చాలాసేపు వెతికి, అంచులు తుప్పుపట్టినా లోపల మెరుపు చెడని గిన్నెలు రెండు తీశాడు. బల్బుల తప్పేమీ లేదని, బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు సన్నటి పాత వైర్లలోనే సగం సచ్చిపోతోందని విప్పి చూపించి, బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరు లాగి, మధ్యలో రిలే అనే చిన్న డబ్బా బిగించాడు. దాంతో పాత స్విచ్చు మీద బరువు తగ్గింది. చివరగా ట్రాక్టరు దీపమొకటి బంపరు కింద, నేలకు మూరెడెత్తులో కట్టి, దాని అద్దానికి పెళ్ళిపందిట్లో అంటించే పసుపుపచ్చ కాగితం చుట్టాడు. మంచును పైనుంచి కొట్టొద్దు, కిందినుంచి దూరి పోవాలన్నాడు. ఈసారి చివరిదాకా విన్నాను.

లైట్లు ఎక్కడ పడాలో సరిచూసుకోవడం నా వంతు. మునిమాపు వేళ జీపును బడిగోడ ముందు నిలబెట్టి, బల్బులెంత ఎత్తులో ఉన్నాయో గోడ మీద అంత ఎత్తులో గీత గీసి, వెలుగు దానికి నాలుగు వేళ్ళు కిందనే ఆగేటట్టు తిప్పుకోవాలి. గరుకు గోడ మీద నా గీత పాములా పోతోంది. అవ్వ ఎప్పుడొచ్చిందో, సున్నంలో ముంచిన నూలుపోగు తెచ్చి, ఒక కొస నా చేతికిచ్చి, రెండో కొస తను పట్టుకుని ఒక్కసారి లాగి వదిలింది. నిఖార్సయిన గీత పడింది. నేను మళ్ళీ లైట్ల మరలు తిప్పడంలో పడ్డాను. తప్పయిపోయిందని తల్లితో అనడం మన తరం మగపిల్లలకు ఎవరు నేర్పారు చెప్పండి!

తెల్లారి మంచు ఎప్పటికన్నా దట్టంగా ఉంది. కింది వాడలో అందరినీ ఎక్కించుకుని, మళ్ళీ మా వీధి మూల మీదుగానే పెద్ద రోడ్డెక్కాలి. మడ్‌గార్డు మీద ఎవరూ కూర్చోలేదు. మామ నా పక్కన కూర్చున్నాడు. పచ్చటి వెలుగు మంచు కింద నుంచి నేల మీద జారుతూ పోతుంటే, మా మూల దగ్గర రోడ్డంచున రెండు పాదాలు కనిపించాయి. చెప్పుల్లేవు, వెండి కడియాలున్నాయి. బ్రేకు తొక్కాను. కొంగు తలమీద కప్పుకుని అవ్వ.

“రోజు గిక్కన్నే నిలబడుతది,” అన్నాడు మామ మెల్లగా. “బండి సప్పుడు దూరమయ్యేదాంక కదలది. నీకు చెప్పొద్దన్నది.”

జీపు కొని అప్పటికి ఏడాది దాటింది. ఏడాదిగా రోజూ నేను ఆమె పక్కనుంచే పోయాను. నా లైట్లు ఆమె దాకా అందలేదు, అంతే. దిగి దగ్గరికి పోయాను. చలిపెడుతలేదా అని మాత్రం అడిగాను. అవ్వ వంగి కింది దీపాన్ని చూసింది.

“తొవ్వ మంచిగ కనవడుతున్నదా బిడ్డా?” అంది.

“కనవడుతున్నదవ్వా,” అన్నాను.

ఆ రోజు షిఫ్టు సైరను కూత పడకముందే బాయి దగ్గరున్నాం, అందరికీ మస్టరు పడింది. వేరే జీపు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆ పదిమందీ రిటైరయ్యేదాకా నా బండిలోనే వచ్చారు. అవ్వను చలిలో నిలబడొద్దని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు, చెప్పులు మాత్రం వేసుకునేది. నేను కూడా మూలకు రాగానే బండి కాస్త మెల్లగా చేసి, కింది దీపం ఒకసారి ఆర్పి వెలిగించేవాణ్ణి. మా ఇద్దరికీ అది చాలేది.

ఇప్పుడు రోడ్లు వెడల్పయ్యాయి, అది మంచిదే. పిల్లల బండ్లకు మేం కలలో కూడా చూడని దీపాలున్నాయి, అదీ మంచిదే, ఎవరి కూలీ మంచు వల్ల పోవడం లేదు. మా వీధి మూలన కూడా స్తంభమొకటి లేచి, చీమ పాకినా కనిపించేటంత వెలుగునిస్తోంది. అక్కడ ఎవరూ లేరని ఇంత స్పష్టంగా కనిపిస్తున్నా, ఎవరి బండిలో కూర్చున్నా సరే, ఆ మూల రాగానే నా కుడికాలు మాత్రం దానంతటదే బ్రేకు కోసం వెతుక్కుంటుంది.