గిర్ని పెద్దమ్మ చలిపెట్టె

గిర్ని పెద్దమ్మ పోయిందని మా ఆయన ఫోన్ చేసినప్పుడు నేను మద్నూర్‌లో మా అమ్మగారింట్లో ఉన్నాను. "పొద్దుగాల లేచింది, పెట్టె చూసింది, పలక మీద రాసింది. చాయ్ తాగి కూసున్నకాడనే పోయింది" అన్నాడు. నేను ఏడుస్తూనే "ఎంత రాసింది?" అని అడిగాను. చావు కబురు విని ఎవరైనా అడిగే మాటేనా అది? కానీ ఆ రోజు ఆమెను చూడటానికి వచ్చినవాళ్లలో చాలామంది గేటు దగ్గర ఆగి ముందు ఆ పలకే చూశారట. నాకు కాస్త ధైర్యం వచ్చింది.

ఆమె మాకు చుట్టం కాదు. మా పక్కిల్లు. ముందు గదిలో పిండి పట్టే గిర్ని, వెనక పెరడు. తొంభైల మొదట్లో నేను బాన్సువాడకు కోడలిగా వచ్చిన కొత్తలో జొన్నల డబ్బా పట్టుకొని వెళితే, తల మీద పిండి దులుపుకుంటూ నన్ను కిందికీ మీదికీ చూసింది. "మద్నూర్ పిల్లవా? చలి మీ దిక్కు ఎక్కువనా, మా దిక్కు ఎక్కువనా?" అని అడిగింది. పుట్టింటి మీద అభిమానం ఊరుకోదు కదా, "మా దిక్కే" అన్నాను. "కొలిచినవా?" అంది. పెద్దమ్మతో వాదం పెట్టుకున్న ఎవరైనా చివరికి ఆ ప్రశ్న దగ్గర బోర్లా పడాల్సిందే.

ఈ కొలిచే పిచ్చి ఆమెకు రేడియో పట్టించింది. చలికాలం వార్తల్లో ఆదిలాబాద్ అనేవారు, నిజామాబాద్ అనేవారు. మా ఊరి ఊసే ఉండేది కాదు. "మన వణుకుడు లెక్కలకు రాదా ఏంది?" అని ఆమెకు ఒళ్లు మండేది. ఒకసారి రుద్రూర్ దిక్కు పెళ్లికి వెళ్లి, అక్కడ పరిశోధనలు చేసే పొలాల్లో కాళ్ల మీద నిలబెట్టిన ఒక తెల్లపెట్టెను చూసి వచ్చింది. పెళ్లికూతురు ఎట్లా ఉందంటే చెప్పలేదు గానీ, ఆ పెట్టె గురించి వాడంతా చెప్పింది. కొడుకును పట్నం పంపించి, రాత్రి ఎంత చల్లబడిందో పగలు ఎంత వేడెక్కిందో రెండూ గుర్తుపెట్టుకునే థర్మామీటరు తెప్పించింది. దాని పక్కన తడిగుడ్డ చుట్టిన మరొకటి. గాలి పొడిగా ఉంటే ఆ తడిగుడ్డది కిందికి జారుతుందని నాకు ఓపికగా నేర్పింది కూడా ఆమే.

పెట్టె చేయించడమే పెద్ద కథ. పాత కిటికీ రెక్కలిచ్చి, "గాలి ఆడాలె, ఎండ పడొద్దు, తలుపు ఉత్తరం దిక్కు ఉండాలె" అని వడ్రంగికి చెప్పింది. ఆయన తెచ్చి పెరట్లో నిలబెడితే పైన చిన్న గోపురం, తలుపు తూర్పుకు! "దేవునికి ఉత్తరం మొఖం పెడ్తరా పెద్దమ్మా? నీకు తెల్వకపోయినా నాకు తెల్వదా?" అన్నాడాయన. తిప్పి పెట్టించింది. గోపురం మాత్రం ముద్దుగా ఉందని ఉంచేసింది. అదే కొంప ముంచింది. రోజూ పొద్దున్నే ఆమె స్నానం చేసి తలుపు తీసి లోపలికి తొంగిచూడటం మా అత్తగారు గోడ మీద నుంచి గమనించింది. కార్తీకమాసంలో ఒక సాయంత్రం పసుపు, కుంకుమ, బంతిపూలు పెట్టి, లోపల దీపం వెలిగించి, తలుపు మూసి వచ్చింది. మర్నాడు దీపం వేడికి ఎగబాకిన అంకె చూసి పెద్దమ్మ పెట్టిన కేకకు వీధంతా లేచింది. "ఓ వదినా! కార్తీకంల రోహిణి కార్తె తెచ్చినవు గదా!" మా అత్తగారు చెంపలేసుకుంది, అదీ పెట్టె ముందే. ఆ రోజు నుంచి వాడలో దానికి చలిపెట్టె అని పేరు.

గేటుకు ఒక పలక వేలాడదీసి దాని మీద ఆ రాత్రి చలి ఎంతో రాసేది. గిర్నికి వచ్చినవాళ్లు పిండి పట్టేదాకా అది చదవక ఏం చేస్తారు? నవ్వేవాళ్లు నవ్వేవారు. "చలి శివరాత్రికి శివశివ అనుకుంట పోతదని అందరు చెప్తరు. వచ్చేటప్పుడు ఏమనుకుంట వస్తదో ఒక్కరన్న చెప్పిన్రా?" అని ఆమె ఎదురడిగేది. ఆమె ఎప్పుడూ మబ్బులు చూసి చెప్పే మాట మరొకటి ఉంది: "మొగులు భూమికి దుప్పటి. దుప్పటి తీసిననాడు భయపడాలె."

రెండువేల సంవత్సరం దాటాక ఒక యాసంగి పంటకాలంలో ఆ మాట మా ఇంటి మీదికే వచ్చింది. మా పొలం బీర్కూర్‌లో. ఆ ఏడు పోసిన వరి నారు చలికి ఎర్రబడి చచ్చిపోయింది. ఇంట్లో మిగిలిన విత్తనమంతా ఊడ్చి మా ఆయన రెండోసారి పోశాడు. అదీ పోతే మళ్లీ పోయడానికి గింజ లేదు, ఆ యాసంగి మాకు బీడే. అంతలో మబ్బు పట్టింది. వెచ్చబడింది. చలి వెళ్లిపోయిందని బస్టాండులో అందరూ తీర్పు చెప్పేశారు.

ఆ మధ్యాహ్నం పెద్దమ్మ గిర్ని నడుస్తుండగానే వదిలేసి మా ఇంట్లోకి వచ్చింది. "మొగులు పాయె, గాలి నిలిచింది, తడిగుడ్డది సర్రున దిగింది. ఇయ్యాల నారు కప్పు బిడ్డా" అంది.

అన్నం తింటున్న మా ఆయన తలెత్తలేదు. "నిన్న చెమట వట్టింది పెద్దమ్మా. ఇయ్యాల ఏడికెళ్లి వస్తది చలి?"

"నిన్నటిది నిన్ననే పాయె. నారు ఎర్రవడ్డంక నా దగ్గరకొచ్చి ఏడుస్తవా?"

"నీ పెట్టె తప్పు చెప్తే?"

"తప్పు చెప్తే రేపు దాన్ని పొయ్యిల పెట్టి నీకు నీళ్లు కాగబెడ్త. పోసుకో!"

మా అత్తగారు పకపకా నవ్వింది. పెద్దమ్మ నవ్వలేదు. ఆమె ముఖం చూసి నేను లేచాను. ఆ పెట్టె ఆమె పరువు. దాన్ని మా నారు మీద ఒడ్డింది.

గిర్ని బంద్ పెట్టింది. పిండి కోసం కూర్చున్న ఆడవాళ్ల చేతుల్లో తలా ఒక దబ్బనం పెట్టి, ఖాళీ యూరియా సంచులు విప్పించి, ఒకదానికొకటి కుట్టించి పెద్ద పట్టాలు చేయించింది. "పెండ్లికొడుకు కూసున్నట్టు కూసుంటవేంది, వెదురు బద్దలు చీరు" అని మా ఆయన్నూ కదిలించింది. సాయంత్రం బస్సు మీద పట్టాల మూటలు వేసుకొని పెద్దమ్మ, మా ఆయన, నేను బీర్కూర్ వెళ్లాం. మడిలో చల్లటి నీళ్లు తీసేశాం. బద్దలు విల్లులా వంచి గుచ్చి, పట్టాలు కప్పి, అంచులకు మట్టి పెట్టి, ఆ రాత్రి అక్కడే ఉండిపోయాం. పక్క మడులవాళ్లు గట్టు మీద నిలబడి, "నారుకు పందిరేస్తున్రా? పెండ్లెప్పుడు?" అని వేళాకోళమాడారు.

ఆ వారంలోనే వాళ్ల నారు ఇటుకరంగుకు తిరిగింది. మాది పచ్చగా నిలిచింది. మా నాట్లు అయిపోగా మిగిలిన నారును వాళ్లకే పంచిపెట్టాం. పెళ్లెప్పుడని అడిగినాయన కట్టలు మోసుకెళుతూ పెద్దమ్మకు దండం పెట్టాడు. మరుసటి చలికాలం నుంచి బీర్కూర్ బస్సు డ్రైవరు కూడా గిర్ని ముందు బస్సు నెమ్మది చేసి పలక చదివి, ప్రయాణికులకు గట్టిగా చెప్పేవాడు. రేడియో మా ఊరి పేరు చెప్పనే లేదు. పెద్దమ్మ ఆ తరవాత దాన్ని పట్టించుకోనూ లేదు.

ఆమె పోయిన మర్నాడు మనవరాలు పలక తుడిచి కొత్త అంకె వేసింది. తుడిచినందుకు ఎవరో నొచ్చుకుంటే, "నిన్నటిది నిన్ననే పాయె" అందట. ఆ పిల్లను చూస్తే నాకు కడుపు నిండింది. చదివింది తక్కువైనా నాకు ఆకాశం వైపు చూడటం నేర్పిన మనిషి పెద్దమ్మ. ఆ రుణం నాకు ఇష్టమైన రుణం.

నాకు మాత్రం పెద్దమ్మ అంటే బీర్కూర్‌లో నారు కప్పిన మర్నాటి ఆ తెల్లవారుజామే. పళ్లు టకటకలాడుతున్నాయి. పచ్చిగడ్డి మీద కాలు పెడితే మొద్దుబారిపోతోంది. మా ఆయన ఆగలేక పట్టా లేపబోతే, "ఎండ రానియ్యి" అని చెయ్యి మీద కొట్టింది. ఎండ పడ్డాక ఆమే అంచు ఎత్తింది. లోపల్నుంచి వెచ్చటి ఆవిరి మా ముఖాలకు తగిలింది. నారు పచ్చగా, నిటారుగా ఉంది. మా ఆయన గట్టెక్కి, ఎప్పుడూ గొంతెత్తని మనిషి, పొలాలన్నీ వినేటట్టు అరిచాడు: "గిర్ని పెద్దమ్మ గెలిచిందిరో!" ఆమె కళ్లు తుడుచుకొని, "సూసుడు సాలు, నీళ్లు పెట్టు" అంది. బోరు నీళ్లు పొగలు కక్కుతూ కాలువలోకి వచ్చాయి. పెద్దమ్మ చీర మోకాళ్లదాకా ఎగ్గట్టి ఆ గోరువెచ్చటి నీళ్లలోకి దిగింది. పొగలో నడుందాకా మునిగి, పెద్దగా నవ్వుతూ, నీటి వెంట మా మడి వైపు నడుచుకుంటూ వెళ్లింది.