అమ్మ నా చేత చేయించుకోలేదు

మా బళ్ళో తొమ్మిది, పది తరగతుల పిల్లలకి నేను రోగుల సేవ నేర్పుతాను. కాగితాల మీద ఆ కోర్సుకి పెద్ద ఇంగ్లీషు పేరుంది. హెడ్మాస్టరుగారు మాత్రం స్టాఫ్ రూములో "ఆయాల కోర్సు" అంటారు. ఒకసారి నా ముందే అన్నారు. "అవునండీ, రేపు మీరు మంచాన పడితే మీ అబ్బాయి ఫోను చేసేది ఆయా కోసమే గానీ లెక్కల మాస్టారి కోసం కాదు" అన్నాను. లెక్కల మాస్టారు కూడా అక్కడే ఉన్నారు. ఆ తర్వాత చాలా రోజులు ఇద్దరూ నాతో మాట్లాడలేదు. నాకేం నష్టం రాలేదు.

నేను బీఎస్సీ నర్సింగు చదివినదాన్ని. విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చాలా ఏళ్ళు చేసి, పెద్ద డాక్టరుతో వాదన పెట్టుకుని బయటికొచ్చాను. వాదన దేనిమీదో ఇక్కడ అనవసరం. తప్పు ఆయనదే. ఆ తర్వాత ఉయ్యూరు దగ్గర ఈ బళ్ళో ట్రైనరుగా చేరాను. రోజూ గుణదల నుంచి బస్సులో వెళ్ళొస్తాను.

మా ల్యాబంటే ఒక ఇనప మంచం, ఒక పరుపు, ఒక ప్లాస్టిక్ బొమ్మ. బొమ్మకి కుడి చెయ్యి మొదటి ఏడే ఊడిపోయింది. అందుకని పిల్లల్లోనే ఒకరిని మంచం మీద పడుకోబెట్టి పేషెంటుని చేసేదాన్ని. మనిషిని లేపకుండా కింద దుప్పటి మార్చడం, పక్కకి తిప్పడం, ఒళ్ళు తుడవడం, బెడ్‌పాన్ పెట్టడం, తీయడం, ఇవీ పాఠాలు. అన్నిటికన్నా ముందు నేర్పేది ఒకటుంది. చెయ్యి వేసే ముందు నోటితో చెప్పాలి. "మామ్మగారూ, పక్కకి తిప్పుతున్నానండీ" అని చెప్పి అప్పుడు తిప్పాలి. మంచాన పడ్డంత మాత్రాన మనిషి బియ్యం బస్తా అయిపోదు.

తల్లిదండ్రులతో తగువులు మామూలే. ఒకాయన బడికే వచ్చాడు. "మా పిల్లని ముసలాళ్ళ ముడ్లు కడగడానికి పంపామా మేడమ్?" అని అడిగాడు. "మీది ఎవరూ కడక్కుండానే ఇంతవాళ్ళయ్యారా?" అన్నాను. ఆయన పిల్లని మాన్పించేశాడు. ఇలా నా నోటితో నేనే క్లాసుని పలచన చేసుకున్న రోజులున్నాయి.

నేను చెప్పబోయే పిల్ల నా క్లాసులోకి తొమ్మిదిలో వచ్చింది. వాళ్ళమ్మ ఉయ్యూరు మార్కెట్లో చేపలమ్ముతుంది. వాళ్ళది బందరు అవతల సముద్రం ఒడ్డున ఊరు. పిల్ల చేతులకి రోజూ నిమ్మతొక్క రాసుకుని వచ్చేది. అయినా పేషెంటుగా పడుకున్న పిల్లలు అది దగ్గరికి రాగానే ముక్కు మూసుకునేవాళ్ళు. అందరికంటే గట్టిగా మూసుకున్నదాన్ని ఆ నెలంతా పేషెంటుని చేసి, దీన్ని నర్సుని చేశాను. నెల తిరిగేసరికి ఇద్దరూ ఒకే డబ్బాలో అన్నం తింటున్నారు.

పది అయ్యాక వాళ్ళమ్మ దాన్ని మార్కెట్లో కూర్చోబెడతానంది. నేనే మార్కెట్టుకి వెళ్ళాను. ఆవిడ చేప పొలుసు గీకుతూనే నా మాటలన్నీ విని, చివరికి ఒక్కటే అడిగింది.

"చదివితే ఏవవుద్దమ్మా?"

"నర్సవుద్ది."

"నిజంగా అవుద్దా?"

"అవుద్ది" అన్నాను. ఆవిడ కత్తి కడిగి పక్కన పెట్టి, "నీ మాట మీద పంపుతున్నా" అంది.

పిల్ల విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ ఒకేషనల్ పూర్తి చేసింది. ఆ ఏడు నర్సింగులో సీటు అందలేదు. మళ్ళీ దరఖాస్తు పెట్టుకుని, ఈలోగా ఇళ్ళకి అటెండెంట్లని పంపే ఒక బ్యూరోలో చేరింది. ఇదంతా నాకు ఫోన్లోనే చెప్పింది.

ఆ సంవత్సరమే పటమటలో మా అన్నయ్య ఫ్లాట్లో అమ్మ బాత్రూములో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయ్యాక మంచానికే పరిమితం అయిపోయింది. వదిన నడుముకి బెల్టు పెట్టుకుని తిరిగే మనిషి, ఎవరినీ ఎత్తలేదు. అన్నయ్య బ్యూరో నుంచి మనిషిని పెట్టాడు. ఆదివారం నేను వెళ్ళేసరికి అమ్మ మంచం పక్కన నిలబడి ఉంది మా పిల్ల.

నాకు పట్టరాని సంతోషం వేసింది. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళకీ నా స్టూడెంటని చెప్పుకున్నాను. అమ్మ అప్పటికే దాని పుట్టుపూర్వోత్తరాలు లాగేసిందట. మీరెవరమ్మా అని అడిగితే, చేపలమ్ముకుంటామండీ మామ్మగారూ అని చెప్పిందట. ఆచారాలు పట్టించుకునే మా అమ్మ ఏం అంటుందోనని వదిన హడలిపోయిందట.

"అయితే బొమ్మిడాయిల పులుసు పెట్టడం వచ్చా?" అని అడిగింది అమ్మ.

"తినడం వచ్చండీ."

పడ్డాక అమ్మ నవ్వింది అదే మొదటిసారి అని వదిన చెప్పింది. అప్పట్నుంచి అమ్మ దాన్ని అమ్మడూ అనే పిలిచేది. నన్ను ఏనాడూ అలా పిలవలేదు. పిలిస్తే నేను వాదించి ఉండేదాన్నేమో.

వేసవి సెలవులయ్యి బళ్ళు తెరిచాక పిల్లకి నర్సింగు కౌన్సెలింగుకి రమ్మని కబురొచ్చింది. గుంటూరులో. ఆ రోజు ఒరిజినల్ సర్టిఫికెట్లతో స్వయంగా ఉండాలి. పేరు పిలిచినప్పుడు లేకపోతే సీటు తర్వాతివాళ్ళకి పోతుంది. ఒక్క రోజు సెలవిమ్మని వదినని అడిగింది. బ్యూరోని అడిగితే ఆ వారం బదులు మనిషి లేదన్నారు. అన్నయ్య నాకు ఫోను చేశాడు.

"మీ పిల్లకి నువ్వే చెప్పు, పై వారం వెళ్ళమని."

"అది నీ ఆఫీసు మీటింగు కాదన్నయ్యా వాయిదా వేయడానికి."

"అయితే నువ్వొచ్చి చూసుకో మరి."

"వస్తాను" అన్నాను. నేను బడికి సెలవు పెడితే జీతం కోస్తారని వాడికి తెలుసు. అందుకే నేను వస్తానని వాడనుకోలేదు.

ముందు రోజు సాయంత్రమే బట్టలు సర్దుకుని వెళ్ళాను. పిల్ల నాకు అన్నీ చూపించింది. ఏ మోకాలి కింద తలగడ పెట్టాలో, ఒరుసుకుపోయినచోట ఏ మందు రాయాలో, అమ్మకి నీళ్ళు ఎంత వెచ్చగా ఉండాలో. "నేనే నేర్పానే నీకు" అన్నాను. "మామ్మగారి సంగతి నాకు తెలుసు కదండీ టీచర్" అంది. తెల్లారగానే బస్సెక్కింది.

నేను వేణ్ణీళ్ళు పెట్టుకుని అమ్మ దగ్గరికి వెళ్ళాను. నా క్లాసులో చెప్పినట్టే చెప్పాను.

"అమ్మా, పక్కకి తిప్పుతున్నాను."

"ఒద్దు."

బెడ్‌పాన్ తెచ్చాను. ఒద్దంది. ఆపుకుంటే జబ్బు చేస్తుందన్నాను. నువ్వు బయటికి వెళ్ళు అంది. నేను నర్సునమ్మా, ఎంతమందికి చేశానో నీకేం తెలుసు అన్నాను.

"వాళ్ళు నిన్ను కనలేదు" అంది అమ్మ.

నాకు పిల్లాడు పుట్టేదాకా మా ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టని మనిషి ఆవిడ. పుట్టాక కూడా వచ్చినప్పుడల్లా పిల్లాడి చేతిలో ఏదో ఒకటి పెట్టి, ఆ తర్వాతే కంచం ముందు కూర్చునేది. అదంతా నాకు తెలిసిందే. కానీ విరిగిన తుంటితో, తడిసిన దుప్పటి మీద పడుకుని కూడా ఆ లెక్కే చూస్తుందని నేను అనుకోలేదు.

"ధారపోసి ఇచ్చేశాను నిన్ను. ఇచ్చేసినదాని చేత ఇట్లాంటివి చేయించుకుంటానా? ఆ రుణం నెత్తిన పెట్టుకుని నేనెక్కడికి పోను?"

"జీతం తీసుకునే పిల్ల చేస్తే రుణం కాదా?"

"దానికి ఇస్తున్నాం కదే."

"అయితే నాకూ ఇయ్యి" అన్నాను. తల అటు తిప్పుకుంది.

బలవంతంగా చేద్దామని దుప్పటి పట్టుకున్నాను. రెండు చేతులతో ఇంకో అంచు పట్టుకుంది. ఎముకలు తేలిన ఆ చేతుల్లో అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో. నేను వదిలేశాను. ఇడ్లీ తినలేదు. మందు వేసుకోవడానికి కూడా నీళ్ళు ముట్టలేదు. తాగితే మళ్ళీ నా అవసరం వస్తుందని. నేను వంటింట్లోకి వెళ్ళి జావ కాస్తూ నిలబడ్డాను. గదిలో అమ్మ ఫోన్లో సన్నగా ఏదో మాట్లాడుతుంటే పిన్నితో నా మీద చాడీలు చెబుతోంది కాబోలనుకున్నాను.

మధ్యాహ్నం బెల్లు మోగింది. తలుపు తీస్తే మా పిల్ల, సర్టిఫికెట్ల ఫైలు గుండెకి ఆనించుకుని.

"అప్పుడే అయిపోయిందా? పిలిచారా?"

"ఇంకా లేదండీ. నా ముందు చాలామంది ఉన్నారు."

"మరి ఎందుకొచ్చావు?"

"మామ్మగారు ఫోన్లో ఏడ్చారండీ" అంది.

నేను కేకలేశాను. ఎవరి మీదో నాకే తెలీదు. ఫోను తీసి కారు పిలిచాను. పిల్ల కారు కోసం ఆగలేదు. ఫైలు ఫ్రిజ్ మీద పెట్టి, చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళింది. "మామ్మగారూ, పక్కకి తిప్పుతున్నానండీ" అనడం వినిపించింది. అమ్మ చంటిపిల్లలా తిరిగింది. తలుపు సందులోంచి చూశాను. ఒళ్ళంతా తుడిచి, దుప్పటి మార్చి, జావ తాగించి వచ్చేదాకా అది నా తొందర లెక్కచేయలేదు. ఏం అంటాను? తడిలో మనిషిని వదిలి పోకూడదని దానికి చెప్పింది నేనే.

వదినని అమ్మ దగ్గర కూర్చోబెట్టి ఇద్దరం గుంటూరు చేరేసరికి పేరు పిలవడం, తర్వాతివాళ్ళకి సీటు ఇవ్వడం కూడా అయిపోయాయి. అక్కడి ఉద్యోగితో నేను వాదించాను. ఆయన మర్యాదస్తుడు. కూర్చోండమ్మా అన్నాడు, మంచినీళ్ళు తెప్పించాడు, రెండుసార్లు పిలిచామండీ అని చెప్పాడు. ఎదుటివాడు తప్పులో ఉంటేనే నా నోరు పనిచేస్తుందని నాకు ఆ రోజే తెలిసింది. నేను మాట్లాడుతున్నంతసేపూ పిల్ల నా చీర కొంగు పట్టుకుని మెల్లగా లాగుతూనే ఉంది, వెళ్ళిపోదాం టీచర్ అని.

తిరిగొచ్చేటప్పుడు కారులో ఒక్కటే కోరింది. మామ్మగారికి చెప్పొద్దండీ అని.

ఇంటికి రాగానే అమ్మ అడిగింది, సీటొచ్చిందా అమ్మడూ అని.

"వచ్చిందండీ."

"మరి ఎప్పుడెళ్ళిపోతావు?"

"మీరు లేచి తిరిగాకండీ."

అమ్మ దాని చెయ్యి పట్టుకుని, ఇక లేచినట్టే అంది. అమ్మతో పోట్లాడే అవకాశం ఎదురుగా ఉండి కూడా నేను నోరు మూసుకున్నది ఆ ఒక్కసారే. పిల్ల నా వైపు చూస్తూ ఉంది.

అమ్మ లేవలేదు. చలి మొదలవుతుండగా పోయింది. చివరిదాకా పిల్లే చూసుకుంది. పోయిన రోజు ఆడవాళ్ళం అమ్మకి నీళ్ళు పోశాం. వీపు కడగడానికి నేను ముందుకి వంగి, అలవాటుగా "అమ్మా, పక్కకి తిప్పుతున్నాను" అన్నాను. పక్కనున్న పిన్ని గొల్లుమంది. అమ్మ ఒద్దనలేదు. ఒద్దని ఉంటే బావుండునని, వేణ్ణీళ్ళ చెంబు పట్టుకుని అక్కడే కూలబడ్డాను.

తర్వాత్తర్వాత దుఃఖం కన్నా కోపమే ఎక్కువ మిగిలింది. నా ఒక్కదాని రుణం తగలకూడదని అంత జాగ్రత్తపడింది కదా. ఏ చుట్టరికమూ లేని చేపలావిడ కూతురు రుణం మాత్రం తగిలించుకుని పోయింది. అదీ తెలియకుండా. అన్నయ్యతో ఈ మాటంటే, పోయినవాళ్ళని కూడా వదలవా నువ్వు అన్నాడు. వదలను. వదిలితే ఇంక ఆవిడతో నాకు మాటలేం మిగులుతాయి?

మొన్న గుణదలలోనే పిల్ల కనిపించింది. పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయన్ని చూసుకుంటోందట. మందుల షాపు దగ్గర నిలబడి మాట్లాడుకున్నాం. కాస్త చిక్కింది. దరఖాస్తులు మొదలయ్యాయి, పెట్టావా అని అడిగాను.

"ఈ ఏడు పెట్టలేదండీ."

"ఎందుకని?"

చేతిలో మందుల కవరు ముడి వేసి, మళ్ళీ విప్పింది.

"పెట్టినా ఆ రోజుకి ఎవరో ఒకరు మంచం మీద ఉంటారు కదండీ టీచర్. వాళ్ళూ ఏడుస్తారు."

నా దగ్గర జవాబు లేక కాదు. ఏడిస్తే ఏడవనీ, నువ్వు వెళ్ళు. ఇంతే చెప్పాల్సింది. ఇంకో ఇంటి సంగతైతే నడిరోడ్డు మీద కేకలేసి మరీ చెప్పేదాన్ని. కానీ ఆ రోజు ఏడ్చింది మా అమ్మ. కవరు ముడి నేనే మళ్ళీ వేసి దాని చేతికిచ్చాను. పెద్దాయనకి మందు టైమయిందని పిల్ల రోడ్డు దాటి వెళ్ళిపోయింది.