నడుమ నల్లగా మిగిలిన ఇటుక

పదేళ్లుగా ఒక డాక్టరు నవ్వు నా చెవిలో ఉంది. ఆ నవ్వుకు జవాబు దొరక్కుండానే మా బావ మొన్న మంగళవారం పొద్దున పోయాడు. మెడలో గడ్డ. మా ఆవిడను తీసుకుపోయిన జబ్బే ఆమె అన్ననీ తీసుకుపోయింది.

తిరువూరులో ఇల్లు కట్టినవాళ్లలో మా బావ బట్టీ ఇటుక వాడనివాళ్లు తక్కువ. బట్టీ పేర్చేముందు వేలు తడి చేసి పైకెత్తి గాలి ఎటుందో చూసేవాడు. కాలిన ఇటుకను వేలి కణుపుతో కొట్టి, మోత వినేవాడు. నేను ఒత్తుగా పేరిస్తే పదిమందిలో తిట్టేవాడు. "ఏమయ్యా, ఇటుకలు పేరుస్తన్నావా, బస్తాలో మిరపకాయలు తొక్కుతన్నావా? మంట ఎవడైనా పెడతాడు. గాలికి దారి పెట్టినోడే బట్టీ పెట్టినట్టు." నాకు ఒళ్లు మండేది. ఆయన చెప్పింది తప్పయిన రోజు మాత్రం లేదు.

మా ఆవిడ గడ్డకు పట్నం పెద్దాసుపత్రిలో కరెంటు, అదే రేడియేషన్, పెట్టించాం. పైపైన కరిగింది. మేమంతా సంబరపడ్డాం. బావ మాత్రం చెల్లెలి మెడ తడిమి, "లోపల రాయిలా ఉందయ్యా" అన్నాడు. మర్నాడు చేతిసంచిలో ఒక ఇటుక, సుత్తి వేసుకుని నాతో బస్సెక్కాడు. డాక్టరు బల్ల మీద దాన్ని పెట్టి, సుత్తితో రెండు చెక్కలు చేశాడు. అంచులు ఎర్రగా ఉన్నాయి. నడుమ బొగ్గులా నల్లగా ఉంది.

"అయ్యా, గాలి అందకపోతే మా ఇటుక ఇట్టా అవుద్ది. ఎంత మంట పెట్టినా అంతే. మా చెల్లెలి గడ్డ లోపలికి గాలి అందుతుందో లేదో మీ మిషన్లో కనపడుద్దా? మనిషి పాలిపోయింది. రక్తం కావాలంటే నాది తీసుకోండి."

డాక్టరు పడీపడీ నవ్వాడు. "ఇటుకలు కాల్చుకునేవాడివి, నాకు వైద్యం నేర్పుతావా? బల్లంతా మట్టి చేశావు, తియ్యి."

నేను చేసింది అంతకన్నా సిగ్గుమాలిన పని. "నోరు మూసుకో బావా, పరువు తీస్తన్నావు" అంటూ ఆ చెక్కలు నేనే సంచిలో వేశాను. మూడు నెలలకు గడ్డ మళ్లీ లేచింది. మా ఆవిడ ఆ ఏడు దసరా చూడలేదు.

దీని గురించి బావ నన్ను ఒక్కసారీ దెప్పలేదు. ప్రతిదానికీ తిట్టే మనిషి దీనికి తిట్టకపోవడమే నన్ను ఎక్కువ కాల్చింది.

ఈ ఏడు గడ్డ ఆయనకే వచ్చింది. ఈసారి వేరే ఆసుపత్రి, చిన్న వయసు డాక్టరమ్మ. కరెంటుకు ముందే రక్తం ఎక్కించింది. ఎందుకమ్మా అని అడిగాను.

"గడ్డ నడుమకు రక్తం సరిగా చేరదు తాతగారూ. రక్తం చేరనిచోట ప్రాణవాయువు ఉండదు. అక్కడ కరెంటు గట్టిగా పనిచెయ్యదు."

"ఆ చోటు ఎక్కడుందో బయటినుంచి కనపడుద్దా?" మంచం మీద నుంచే బావ అడిగాడు.

"మామూలు స్కాన్లలో ఇంకా కనపడదండి. చూసే దారి కోసం వెతుకుతున్నారు."

బావ నా వైపు తిరిగాడు. "విన్నావా? కనపడదంట. ఆ ముక్క ఆ డాక్టరూ చెప్పొచ్చుగా."

ఆలస్యంగా వెళ్లాం. ఆ రక్తం ఆయన్ని నిలబెట్టలేదు.

పెద్దాసుపత్రి డాక్టరుగారూ, నాది మూడో తరగతి చదువు. ఇది కూడబలుక్కుని రాస్తున్నాను. తెలియదంటే మేం ఒప్పుకునేవాళ్లం. నవ్వారెందుకు? పాలిపోయిన మనిషికి, అన్న చెయ్యి చాపి ఇస్తానంటే, ఆ రక్తం ఎందుకు ఎక్కించలేదు? ఇది చదివినవాళ్లెవరైనా ఆ డాక్టరుగారిని ఎరిగుంటే ఈ కాగితం ఆయనకు చూపించండి.

ఆ రెండు చెక్కలూ బావ ఇన్నేళ్లూ చూరులో దాచాడట, నిన్న దొరికాయి. బట్టీ ముందు ఆయన కూర్చునే పీట మీద, నల్లటి నడుమ పైకి కనపడేలా పెట్టాను. వచ్చే శుక్రవారం పెద్దకర్మ. డాక్టరుగారూ, ఆ రోజు పొద్దు గూకేలోపు వచ్చి, వాటి ముందు నిలబడి జవాబు చెప్పండి.