వదిన పాటకు నాన్న దిద్దుబాట్లు

మా వదిన పాట వింటే పాలు విరిగిపోతాయని నేనంటే ఎవరూ నమ్మరు. ఆడపడుచుని కదా, కడుపుమంటతో అంటున్నాననుకుంటారు. అలాగే అనుకోండి. ఆ గొంతుతోనే ఆవిడ సంగీత చికిత్స మొదలుపెట్టి పేరు తెచ్చుకుంది.

పక్షవాతంతో మాట పడిపోయినవాళ్లకు పాటతో మాట తెప్పించడం ఆవిడ పని. సైకిళ్ల దుకాణం మీద మేడగది, ఓ పాత కీబోర్డు, రెండు డ్రమ్ములు, జతకలవని కుర్చీలు. బోర్డు చూసి మెట్లెక్కినవాళ్లలో సగం మంది "మా పిల్లకి పాటలు నేర్పుతారా?" అనేవాళ్లు. ఒకాయన పెళ్లికి బ్యాండు కావాలన్నాడు.

"ఒక్క పాట పాడి వినిపించు వదినా, వాళ్లే దిగిపోతారు" అని సలహా ఇచ్చాను.

శనివారాలు లైబ్రరీ వెనకగదిలో ఉచితంగా అందరినీ కూర్చోబెట్టి పాడించేది. అక్కడ ఇద్దరు ముసలాళ్లు ఫ్యాను కింద కుర్చీ కోసం రాగాలు తీస్తూ పోట్లాడుకున్నారు. మాటే రానివాళ్లు తిట్టుకోగలిగారని వదిన సంబరపడిపోయింది.

నాన్నకు మాత్రం ఇదేమీ గిట్టేది కాదు. ఆయన బళ్లో పాటల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. శ్రుతి ఇసుమంత జారినా ఆయనకు పన్ను పీకినట్టుండేది. పెళ్లైన కొత్తలో వదిన గిన్నెలు కడుగుతూ కూనిరాగం తీస్తే, వంటింటి గుమ్మంలోకి వచ్చి చేతులు జోడించారు.

"నీకు పుణ్యముంటుంది, ఏ పనైనా చెయ్యి గానీ, పాడకమ్మా."

మేమంతా పగలబడి నవ్వాం. వదినకు మాత్రం గట్టిగానే గుచ్చుకుంది. మళ్లీ ఇంట్లో పాడలేదు.

అలాంటి నాన్నకే పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ కాస్త తిరిగొచ్చాయి, మాట రాలేదు. ఇంటిల్లిపాదినీ దిద్దుతూ తిరిగిన మనిషి కిటికీ దగ్గర కూర్చుని, నీళ్లు కావాలన్నా గ్లాసు వైపు చూసేవారు. నాకు ఏడుపు ఆగేది కాదు.

రోగి ఎడంచేతి మీద తాళం తడుతూ, అతనికి బాగా తెలిసిన పాట పాడి, చివరి మాట అతనికి వదిలెయ్యాలి. వదిన పద్ధతి అది. కానీ ఎవరి ముందైనా పాడే మనిషికి ఈయన ముందు గొంతు పెగల్లేదు. తాళం తను వేస్తూ, పాట మాత్రం గొప్ప గాయకుల రికార్డులు పెట్టి వినిపించేది. నాన్న హాయిగా కళ్లు మూసుకుని వినేవారు. పెదవి కదిపేవారు కాదు. వారాలు గడిచాయి. డాక్టరు కూడా పెదవి విరిచాడు.

ఒకరోజు పాట మధ్యలో కరెంటు పోయింది. ప్రాణం విసిగిన వదిన తనే అందుకుంది. ఎలా పాడిందో నేను చెప్పను. పైకెళ్లాల్సిన చోట ఆ పాట కిందికి దొర్లింది. నాన్న కనుబొమలు ముడిపడ్డాయి, ముఖం ఎర్రబడింది. కుర్చీ చేతిమీద టప్పున కొట్టి ఆ పంక్తి మొత్తం, మాటలతో సహా, తప్పు లేకుండా పాడారు!

అన్నయ్య వంటింట్లోంచి గరిటెతో పరిగెత్తుకొచ్చాడు. వదిన ఏడుస్తూ మళ్లీ తప్పు పాడింది. నాన్న మళ్లీ దిద్దారు.

ఆ తర్వాత చూడాలి మా ఇంటి భాగోతం. నీళ్లు, దుప్పటి, కళ్లజోడు, అన్నిటికీ వదిన వరస కట్టి వంకరగా పాడేది. నాన్న ఉడుక్కుని సరిగ్గా పాడేవారు. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, దిద్దించుకుని దిద్దించుకుని వదినకు శ్రుతి కుదిరింది. సరిగ్గా పాడితేనేమో నాన్న నోరు విప్పరు. అందుకని గది తలుపేసుకుని తప్పులు సాధన చేసేది. తలుపుకు చెవి ఆనించి నేనే విన్నాను. ముందు చక్కగా పాడుకుని, తర్వాత చెడగొట్టుకునేది. ఆ చక్కటి పాట వింటూ నేను అక్కడే నిలబడిపోయాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మొన్న ఆవిడ మళ్లీ ఆ మొదటి పాటే అందుకుని, అదే చోట కిందికి దొర్లించింది. నాన్న దిద్దలేదు. తాళం వేస్తున్న ఆవిడ చేతిని పట్టుకుని ఆపారు.

"కావాలనే... తప్పు... పాడుతున్నావు" అన్నారు. రాగం లేదు, తాళం లేదు, వట్టి మాటలు.

వదిన దొరికిపోయిన దొంగలా తల దించుకుంది. "అవును మామయ్యగారూ. ఇంక పాడనులెండి."

నాన్న చెయ్యి వదల్లేదు. మాట కోసం చాలాసేపు వెతుక్కున్నారు.

"పాడమ్మా" అన్నారు.