ఒడిలో సిలిండర్

వికారాబాద్‌లో బస్సెక్కిన ఆమె నా పక్కన కూర్చుంది. ఒడిలో తువాలు చుట్టిన బరువైన మూట ఉంది. అనంతగిరి మలుపుల్లో దాన్ని రెండు చేతులతో పొదువుకుంటుంటే, ఏమిటని అడిగాను.

“మా తమ్ముని రేసు బండి సిలిండర్ అన్నా. టూ స్ట్రోక్ బండి. తాండూర్ల లేతు షాపుకు తీస్కపోతున్న.”

తువాలు విప్పి చూపించింది. లోపలి గోడ నిండా గీతలు. పందెం మధ్యలో పిస్టన్ వేడికి ఉబ్బి పట్టేసిందట. వెనక చక్రం బిగుసుకుపోయి అతను ఎగిరిపడ్డాడట.

“నీళ్లతోని సల్లబడే ఇంజన్ కావాలన్నడన్నా వాడు. గాలితోని సల్లబడేది వేడెక్కితే, లోపటికొచ్చే గాలి పల్చబడి బలం తగ్గుతదట. నీళ్లు ఆ వేడిని గుంజుకుంటే ఆఖరి రౌండు దాంక అదే జోరట. నేనే ఇనలే. ఈసారికి దీంతోనే ఉరుకుర అని పంపిన.”

“ఇప్పుడెలా ఉన్నాడు?”

“నడుస్తడో లేదో డాక్టర్లు చెప్తలేరు. వాడేమో, బండి బాగైందా అక్కా అని అడుగుతుండు. బాగైందని చెప్పిన.”

తాండూరు వచ్చింది. “జర పట్టుకో అన్నా,” అని సిలిండర్ నా చేతుల్లో పెట్టి, చీర సర్దుకుంది.

ఎప్పుడో ఆగిపోయిన ఇంజన్‌ది ఆ ముక్క. ఆమె ఒళ్లో ఉండి ఉండి, వెచ్చగా ఉంది.