మిరపకళ్లంలో ఆరబెట్టిన షెల్

నాకు కోపం ముందు వస్తుంది, కళ్ళు తర్వాత పనిచేస్తాయి. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. ఈ గుణం వల్ల జీవితంలో చాలా చోట్ల తలదించుకున్నాను. ఒక్కచోట మాత్రం, తలదించుకున్నందుకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది. అదీ ఒక బొమ్మకారు పుణ్యమా అని.

బొమ్మకారు అంటే మా వర్క్‌షాప్ సార్‌కి కోపం వచ్చేది. "బొమ్మ కాదు బాబూ, నిజం ఇంజనే. చిన్నది, అంతే" అనేవారు. రెండువేల అయిదో ఆరో, నేను గుంటూరు దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ మూడో ఏడు చదువుతున్నాను. కాలేజీల పండగల్లో రిమోట్ కార్ల పందేలు అప్పుడప్పుడే మొదలయ్యాయి. సార్ ఎవరెవరినో బతిమాలి, తన సంతకం మీద కాలేజీ చేత ఒక కారు కొనిపించారు. మూరెడు పొడవు, బొటనవేలంత ఇంజను, చెవులు చిల్లులు పడే రొద.

దాన్ని నడిపేది నా రూమ్మేటు. పర్చూరు దగ్గర పల్లెటూరు వాళ్ళది, ఇంట్లో పొగాకూ మిరపా వేస్తారు. ట్రాక్టరు స్టీరింగు మీద అలవాటైన చేతులు వాడివి. మేం ముట్టుకుంటే గోడకి పోయి గుద్దుకునే కారు, వాడి చేతిలో రిమోట్ ఉంటే మాత్రం చెప్పినట్టు వినేది. నా పని కారుకి షెల్ తొడగడం. షెల్ అంటే కారు పైన కప్పే డొల్ల. గాజులాగా అవతలివన్నీ కనబడే పల్చటి ప్లాస్టిక్. రంగు పైన వేయకూడదు, లోపలివైపు నుంచి వేయాలి. అప్పుడు కారు ఎక్కడ రాసుకున్నా రంగు పోదు.

షెల్ ఒక్కటే వచ్చింది. ఇంకోటి తెప్పించాలంటే నెల పడుతుందన్నారు. షెల్ లేని కారుని పందెంలో గీత దగ్గరికే రానివ్వరు. సార్ దాన్ని అట్టపెట్టెతో సహా నా చేతిలో పెట్టి, "నా సంతకం మీద వచ్చింది. నా మాట పోనీయకండి" అన్నారు. పెట్టెలో ఒక మడత కాగితం ఉంది. సగం జపాన్ అక్షరాలు, సగం చీమతలకాయంత ఇంగ్లీషు, పక్కన చిన్న చిన్న బొమ్మలు. నేను విప్పి చూసి, మెకానికల్ వాడికి కాగితం చదువుకోవలసిన ఖర్మేమిటనుకుని, రంగు నేలమీద పడకుండా కింద పరిచాను.

షెల్‌ని సబ్బునీళ్ళతో కడిగి, అద్దాల చోట లోపల టేపు అంటించి, ఎర్రరంగు స్ప్రే చేశాను. గది నిండా వాసన. పైన ఉండే ఇంటావిడ రెండుసార్లు దిగొచ్చి తిట్టిపోయింది. రంగు మాత్రం ఎంతకీ ఆరడం లేదు, ఫ్యాను వేస్తే దుమ్ము పడుతోంది.

"ఒరేయ్, ఈ గదిలో ఇది ఆరేది కాదు" అన్నాడు రూమ్మేటు. "రేపు శనివారమేగా, మా ఊరు తీసుకుపోదాం. కళ్లంలో పెట్టామంటే ఒక్క ఎండకి గలగలా ఆరిపోద్ది."

నాకు భలే నచ్చింది ఆ మాట. సరే పదమన్నది నేనే. ఆ తర్వాత అందరికంటే ముందు మరిచిపోయిందీ నేనే.

వాళ్ళ కళ్లం రోడ్డు పక్కనే. కోసిన మిరపకాయ పట్టాల మీద ఎర్రగా పరిచి ఉంది, నలుగురు ఆడకూలీలు కాయ తిరగేస్తున్నారు. రూమ్మేటు వాళ్ళ నాన్న షెల్‌ని చూసి, "ఏందిరా ఇది, డొప్పలాగుంది?" అని నవ్వి, నల్లపట్టా మీద ఒక మూల కాయ పక్కకి జరిపి చోటిచ్చాడు. రంగువైపు ఎండకి పెట్టి బోర్లించకుండా ఉంచాం. ఇంటికెళ్ళి అన్నాలు తిని, ఒక కునుకు తీసి, మూడింటికి తిరిగొచ్చాం.

రంగు ఆరింది. షెల్ తిప్పి చూసేసరికి నా ప్రాణం పోయింది. పైభాగమంతా తెల్లగా పాలిపోయి, కాలిన చేతి మీద లేచినట్టు బొబ్బలు, ముడతలు. కింద వేసిన ఎరుపు ఎక్కడా కనబడటం లేదు.

ఆ తర్వాత నేనన్న మాటలు ఇక్కడ రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. "నీకూ నీ కళ్లానికీ ఓ దణ్ణం రా బాబూ! మిరపకాయలు ఎండబెట్టడం తప్ప ఇంకోటి తెలియని వాడి మాట విన్నాను చూడు, నన్ను చెప్పుతో కొట్టాలి! సార్ సంతకం ఏం కావాలిరా ఇప్పుడు?" అని అరిచాను. కూలీలు కాయ తిరగేయడం ఆపి చూశారు. వాళ్ళ నాన్న చేతిలో గోనెసంచి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.  రూమ్మేటు చెవులు ఎర్రబడటం చూశాను, చూసి కూడా ఇంకో రెండు మాటలన్నాను.

సోమవారం వర్క్‌షాప్‌లో సార్ ముందు షెల్ పెట్టాం. నేను నోరు తెరిచేలోపే వాడు, "నేనే ఎండలో పెట్టానండి సార్. వీడికేం తెలియదు" అన్నాడు. వాడి పక్కనే నిలబడి ఉన్నాను. "కాదు సార్, పదమన్నది నేను" అనడానికి ఎంతసేపు పడుతుంది? అనలేదు. సార్ కళ్ళజోడు సర్దుకుని షెల్‌ని అటూ ఇటూ తిప్పి, "ఇనుమైతే ఏదన్నా చెప్పేవాణ్ణి. ఈ ప్లాస్టిక్ నాకూ కొత్తే" అన్నారు. షెల్ బల్ల మీద పెట్టి, "పోనీలే, ప్రిన్సిపాల్ గారితో నేను మాట్లాడతా" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ మధ్యాహ్నమే రూమ్మేటు ఊరికని బ్యాగు సర్దుకున్నాడు. "కారు ఇంకెవరి చేతన్నా తోలించుకోండి" అన్నాడు, నా వైపు చూడకుండా. వాణ్ణి ఆపాలని ఉంది. కానీ ఆపితే క్షమాపణ చెప్పాలి, అప్పటికి తప్పు వాడిదేనని గట్టిగా నమ్ముతున్నాను. కోపం తగ్గినా ఆ నమ్మకం తగ్గలేదు. వాడు బస్టాండుకి పోయాడు, నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు సార్, "చూడ్డానికి ఎలా ఉంటేనేం, కప్పితే చాలు. బిగించేద్దాం" అన్నారు. కారు మీద నాలుగు పుల్లలు నిలబడి ఉంటాయి, షెల్‌కి సరిగ్గా వాటి ఎదుట చిల్లులు పెట్టి, పుల్లలు దూర్చి, పైన చిన్న పిన్నులు గుచ్చాలి. రంగు వేయకముందైతే అవతలి పుల్లలు కనబడేవి, పెన్నుతో గుర్తు పెట్టుకుంటే సరిపోయేది. నేనా తొందరపడి ముందే రంగేశాను. సార్ లేత్ మిషను పైనున్న దేవుడి పటం దగ్గర కుంకుమ తీసి, రెండు చుక్కల నూనెలో కలిపి, నాలుగు పుల్లల కొసలకీ రాశారు. షెల్‌ని పైనుంచి నెమ్మదిగా దించి నొక్కి తీస్తే లోపల నాలుగు చుక్కలు పడ్డాయి. ఎరుపు మీద ఎరుపు, వెలుతురుకి పెట్టి వెతుక్కోవాల్సి వచ్చింది. అయినా దొరికాయి. ఆ వారంలో సవ్యంగా జరిగిన పని అదొక్కటే.

చిల్లులు పెడుతుంటే మాత్రం మళ్ళీ భయం పట్టుకుంది. చిల్లు అంచు చుట్టూ ప్లాస్టిక్ పొరలా లేస్తోంది. చక్రాల దగ్గర కత్తెరతో కత్తిరించిన చోటా అంతే. "బాగా కాగిపోయినట్టుంది సార్, ఊడొస్తోంది" అన్నాను. మూలల్లో లోపలివైపు పల్చటి గుడ్డ బంకతో అంటిస్తే, గుద్దుకున్నా పగులు పాకదని సార్ చెప్పారు. మాది చీరాల, మగ్గం ఇల్లు. గుడ్డకేం లోటు? గురువారం పొద్దున్నే షెల్ సంచిలో పెట్టుకుని బస్సెక్కాను.

అమ్మ వసారాలో కూర్చుని నూలు కండెలు చుడుతోంది. షెల్ ముందు పెట్టి జరిగిందంతా చెప్పాను. కళ్లం సంగతీ, నేను అరిచిన సంగతీ కూడా చెప్పాను, తప్పు వాడిదే అన్నట్టుగా. అమ్మ వింటూ వింటూ షెల్ చేతిలోకి తీసుకుంది. చీర చేతికొస్తే అంచు వెంట గోరు పోనిచ్చి చూడటం ఆవిడకి అలవాటు, లోపం ఎక్కడున్నా ఆ గోటికి తగులుతుంది. అలాగే చక్రం దగ్గర కత్తిరించిన అంచు వెంట గోరు పోనిచ్చింది.

"ఏంట్రా, దీనికి కవరు తీయలేదా?" అంది.

"కవరేంటమ్మా? అదంతా ప్లాస్టిక్కే. ఎండకి మాడింది."

"మాడటం కాదు, నీ మొహం" అని, లేచిన పొరని రెండు వేళ్ళతో పట్టుకుని లాగింది.

చర్రుమని వచ్చింది. బొబ్బలూ ముడతలూ తెలుపూ అన్నీ ఆ పొరలోనే ఉన్నాయి. బంపరు దగ్గర మొదలుపెట్టిన పొర కారు వెనకదాకా ఊడి అమ్మ చేతిలో వేలాడింది. దాని కింద ఒక్క గీత కూడా లేదు. ఎర్రటి ఎరుపు, అప్పుడే తడి తుడిచినట్టు మెరుస్తోంది. పైభాగానికి గీతలు పడకుండా, రంగు అంటకుండా ఉండటానికి ఆ పొర అంటించి పంపుతారు. పని అయ్యాక తీసేయాలి. షెల్‌కి చుట్టి తెచ్చిన కాగితం, గదిలో నేను నేలమీద పరిచిందే, విప్పి చూస్తే, రంగు మరకల మధ్య ఒక బొమ్మ ఉంది. ఒక చెయ్యి, మూల పట్టుకుని పొర లాగుతూ.

మా వైపు కొత్త వస్తువుకి కవరు తీసేవాళ్ళని నేనెప్పుడూ చూడలేదు. టీవీ రిమోట్‌కి కవరు, స్కూటరు సీటుకి కవరు, ట్రాక్టరు సీటుకి కవరు. చిరిగి దానంతటది ఊడాలే గాని మనం తీయం. అలాంటి చోట పుట్టి కూడా, కళ్ళెదురుగా ఉన్న కవరుని పోల్చుకోలేకపోయాను.

నేను వసారాలో చతికిలబడ్డాను. నవ్వొచ్చింది, ఆగలేదు. అయిదు రాత్రులు సరిగ్గా పట్టని నిద్ర ఒక్కసారి కళ్ళమీదికొచ్చింది. సార్ మాట పోలేదు. షెల్ పోలేదు. "అమ్మా, బతికించావే" అన్నాను.

అమ్మ నవ్వలేదు. "మరి ఆ పిల్లాణ్ణి అంతలేసి మాటలన్నానన్నావుగా, వాణ్ణెవరు బతికిస్తారు?" అంది. "ముందు అక్కడికి పో. గుడ్డ రేపిస్తాలే. గంజి పోయేదాకా ఉతకాలి, గంజి ఉంటే బంక పట్టి చావదు."

ఆ గుడ్డ సంగతి ఇక్కడే చెప్పేస్తాను. మూలల్లో రెండేసి వరసలు అంటించాను. పందెం రోజున కారు రెండుసార్లు గోడకి గుద్దుకుంది, ఒకసారి తలకిందులైంది. షెల్ పగల్లేదు. పదకొండు కార్లలో ఎనిమిదో స్థానం వచ్చాం. సార్ ఆ ఎనిమిదిని ఏడాది పొడుగునా చెప్పుకున్నారు.

చీరాల నుంచి పర్చూరు ఎంతో దూరం లేదు. ఆ రోజు మాత్రం బస్సు కదులుతున్నట్టే అనిపించలేదు. షెల్ ఒళ్ళో పెట్టుకుని, ఏం చెప్పాలో వరస కట్టుకుంటూ కూర్చున్నాను. కళ్లం దగ్గర దిగేసరికి నాలుగైంది. ఎండిన కాయని టిక్కీల్లోకి, అంటే పెద్ద గోనెసంచుల్లోకి తొక్కుతున్నారు. రూమ్మేటు నడుందాకా ఒక సంచిలో దిగి, మూతికి తువ్వాలు కట్టుకుని తొక్కుతున్నాడు. నన్ను చూసి ఆగాడు. సంచిలోంచి బయటికొచ్చాడు. నేను షెల్ చాపితే, ముందు చేతులు లుంగీకి తుడుచుకుని, తర్వాత తీసుకున్నాడు.

"కొత్తది తెప్పించారా?"

"లేదురా. అదే ఇది."

వాడు తిప్పి చూశాడు. చిల్లులు చూశాడు. ఎరుపు మీద వేలితో రాసి చూశాడు.

"పైన పల్చగా కవరుందిరా. మా అమ్మ లాగితే ఊడొచ్చింది. కాగితంలో బొమ్మేసి మరీ ఉంది, నేను చూళ్ళేదు."

"మరి ఎండ?"

"ఎండకి ముడతలు పడింది ఆ కవరే. షెల్‌కి ఏమీ కాలేదు. నువ్వేం చేయలేదురా."

వాడు తువ్వాలు కిందికి లాక్కున్నాడు. నన్ను తిడతాడనుకున్నాను, తిట్టించుకుందామనే వచ్చాను. వాడు నాకేసి చూడనైనా చూడకుండా, కళ్లం ఆ చివర తూకం దగ్గరున్న వాళ్ళ నాన్న వైపు తిరిగి, గొంతు చించుకుని కేకేశాడు. "నాన్నా! నేను చెడగొట్టలేదంట! బాగానే ఉందంట!"

ఆ కేక విన్నాక గాని నాకు తెలియలేదు. నేను అయిదు రోజులు భయపడింది షెల్ గురించి. వాడు ఊరికొచ్చినప్పటి నుంచీ, తన తండ్రి ముందు, తమ కళ్లంలోనే, ఏదీ చేతకానివాడిలా తిరిగాడు.

వాళ్ళ నాన్న నడిచొచ్చాడు. షెల్‌ని చేతిలోకి తీసుకోలేదు, దూరం నుంచే చూశాడు.

"నాదే తప్పు బాబాయ్" అన్నాను. "ఎండలో పెడదామంటే సరే పదమన్నది నేనే. కాగితం చదవనిదీ నేనే. వాణ్ణి ఊరికే అన్నాను."

"అన్నావులే" అన్నాడాయన. "ఆ రోజు నీ అరుపు రోడ్డుదాకా ఇనబడింది. ఈ మాటేందిరా, నాకొక్కడికే ఇనబడేట్టు చెబుతున్నావు?"

కూలీలు పని ఆపి చూస్తున్నారు. ఆ రోజున్న నలుగురే. నేను ఊపిరి పీల్చుకుని, రోడ్డుదాకా వినబడేట్టు, మళ్ళీ మొదటి నుంచి చెప్పాను.